చీమలకు అంటగట్టిన కులం

1978లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ప్రెస్ ‘కాస్ట్ అండ్ ఎకాలజీ ఇన్ ద సోషల్ ఇన్సెక్ట్స్’ అనే పుస్తకాన్ని ప్రచురించింది. రచయితలు ఇద్దరు: గణితాన్ని జీవశాస్త్రానికి అన్వయించిన జార్జ్ ఆస్టర్, ఇరవయ్యో శతాబ్దంలో చీమల శాస్త్రానికి పెద్దదిక్కుగా నిలిచిన ఎడ్వర్డ్ ఓ. విల్సన్. గుంపుగా బతికే కీటకాలు తమ పనులను ఎలా పంచుకుంటాయి, ఏ పనికి ఎన్ని కేటాయిస్తే గూటికి ఎక్కువ లాభం అనే ప్రశ్నలకు గణిత నమూనాలతో జవాబు వెతికిన గ్రంథమిది. ఇంగ్లీషు పాఠకుడికి ఈ పేరులో తడబడవలసినదేమీ కనిపించదు. దానిని తెలుగు చేయబూనినవారి కలం మాత్రం మొదటి మాట దగ్గరే ఆగిపోతుంది. ‘కులం’ అంటే చీమల గురించి కాక మరెవరి గురించో మాట్లాడుతున్నట్టుంటుంది. ‘వర్గం’ అంటే మార్క్స్ వచ్చి కూర్చుంటాడు. ‘జాతి’ అందామంటే జీవశాస్త్రంలో ఆ మాటకు ఇప్పటికే వేరే పని ఉంది. ఈ ఇబ్బందిని అనువాద సమస్యగా కొట్టిపారేయవచ్చు. కానీ కులం అంటే ఏమిటో అనుభవంతో తెలిసిన భాష ఒకటి ఆ మాటను చీమలకు వాడటానికి మొరాయిస్తున్నదంటే, అసలు ఇంగ్లీషులోనైనా ఆ మాట అక్కడ సరిగ్గా కుదిరిందా అని అడగవలసి వస్తుంది.

ఆ మాట చీమల పుట్టలోకి విల్సన్‌తో రాలేదు. పోర్చుగీసు భాషలో ‘కాస్టా’ అంటే వంశం, పుట్టుక. భారతదేశంలో తాము చూసిన సామాజిక భేదాలకు పోర్చుగీసులు ఆ పేరు పెట్టారు. అది ఇంగ్లీషులోకి చేరి స్థిరపడింది. 1859లో డార్విన్ ‘ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్’ ఏడో అధ్యాయంలో చీమల గురించి రాసేనాటికి, ఏ వివరణా ఇవ్వకుండానే దానిని వాడుకోగలిగాడు. అక్కడ ఆయనకు ఎదురైన చిక్కు చిన్నది కాదు. పిల్లలను కనని కూలి చీమలు తమ ప్రత్యేక లక్షణాలను తరువాతి తరానికి ఎలా అందిస్తాయి? తన సిద్ధాంతాన్నే కూల్చేయగల ఇబ్బందిగా అది మొదట తోచిందని ఆయనే ఒప్పుకున్నాడు. పైగా ఒకే గూటిలోని వంధ్య చీమలు రెండు మూడు ‘కాస్టు’లుగా విడిపోయి, ఒకదానికొకటి పోలికే లేనట్టు కనిపించడం ఆ చిక్కును మరింత బిగించింది. ప్రకృతి వరణం ఒక్కొక్క జీవికే కాక కుటుంబానికీ వర్తిస్తుందని చెప్పి ఆయన అందులోనుంచి బయటపడ్డాడు. ఆ జవాబు మౌలికంగా ఇప్పటికీ చెల్లుతుంది.

విచిత్రమేమిటంటే, డార్విన్ ఇచ్చిన జవాబే డార్విన్ వాడిన మాటను కొట్టివేస్తుంది. కుటుంబం అనే ఆధారం మీదే ఆయన వాదమంతా నిలిచింది: పెద్ద తల చీమా, చిన్న తల చీమా, రెక్కలున్న రాణీ, రెక్కల్లేని కూలీ ఒకే తల్లి బిడ్డలు. కులం అనే వ్యవస్థలో ఒకే తల్లిదండ్రుల బిడ్డలు ఒకే కులం. ఆ ఒక్క నియమాన్ని తీసేస్తే ఇక కులమే లేదు. చీమల్లో ఒక తల్లి బిడ్డలే వేర్వేరు ‘కులాలు’ అవుతారు. పోలిక కొంచెం అటూ ఇటూ కావడం కాదిది, పూర్తిగా తలకిందులైంది. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలో అంబేద్కర్ కులానికి ప్రాణం స్వకుల వివాహంలోనే ఉందని వాదించారు. కూలి చీమలు సాధారణంగా జతకట్టనే కట్టవు. కాబట్టి ఆ కొలతతో చూసినా ఈ పేరు వాటికి అతకదు.

కీటకాల గూటిలో మనిషి తన ప్రభుత్వాన్ని చూసుకోవడం డార్విన్‌కు ముందునుంచీ ఉన్నదే. అరిస్టాటిల్‌కు తేనెపట్టులో కనిపించింది రాజు. 1609లో, ఎలిజబెత్ రాణి పాలన ముగిసిన కొద్దికాలానికే, చార్లెస్ బట్లర్ అనే ఇంగ్లీషు పాదరి తేనెటీగలది స్త్రీల రాజ్యమని పుస్తకం పేరులోనే చాటాడు. ఆ శతాబ్దంలోనే హాలండ్‌కు చెందిన యాన్ స్వామర్‌డామ్, వైద్యం చదివి కీటకాలను కోసి చూడటానికే జీవితం ధారపోసినవాడు, ‘రాజు’ కడుపులో అండాశయాలను చూపి వాదాన్ని ముగించాడు. రాజు పోయి రాణి వచ్చింది. సింహాసనం మాత్రం ఉండిపోయింది. రాణి ఈగ ఎవరికీ ఆజ్ఞలివ్వదు, గుడ్లు పెడుతుంది. ఈ సంగతి తెలిశాక కూడా ఆ పేరు మారలేదు. అయినా ‘రాణి’ వల్ల పెద్ద నష్టం లేదు. దానిని అక్షరాలా నమ్మేవారు ఈనాడు లేరు. ‘కాస్ట్’ సంగతి వేరు. అది అలంకారమని గుర్తు లేకుండా, శాస్త్రీయమైన కొలత వేషంలో వాక్యాల్లోకి వచ్చేస్తుంది.

ఆ కొలత ఎంత సాగిందో తెలుసుకోవాలంటే బెర్ట్ హోల్డొబ్లర్‌తో కలిసి విల్సన్ రాసిన ‘ది యాంట్స్’ చూడాలి. 1990లో వెలువడి, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి పొందిన మహాగ్రంథం అది. చీమల గురించి అంత సమగ్రమైన పుస్తకం అంతకు ముందు లేదు. ఇప్పటికీ పరిశోధకుల బల్లలమీద ఉంటుంది. అందులో ‘కాస్ట్’కు ఇచ్చిన విశాలమైన నిర్వచనం ప్రకారం, ఒకే శరీరాకృతి గలవి గానీ, ఒకే వయసు గలవి గానీ ఒక ప్రత్యేకమైన పని చేస్తుంటే ఆ సముదాయం ఒక కాస్ట్. శరీరాకృతి వరకు ఫరవాలేదు. వయసును చేర్చగానే ‘కాలానుగుణ కాస్ట్’ అనే విడ్డూరం పుట్టింది. ఈ వారం ఒక కులం, వచ్చే వారం ఇంకొకటి. పుట్టుకతో వచ్చి చావుతో గానీ పోనిదానికి పెట్టిన పేరును, పది రోజులకొకసారి మారేదానికి అంటించాక ఆ పేరులో మిగిలిన అర్థం ఏమిటో రచయితలు ఎక్కడా ఆగి అడగలేదు. చీమల మీసాల మీది రోమాలను కూడా వదలని పరిశీలకులు ఈ ఒక్కచోట కళ్ళు మూసుకోవడం ఆశ్చర్యమే. మార్క్సిజం సిద్ధాంతంగా బాగానే ఉంది కానీ దానిని తప్పుడు జీవికి వర్తింపజేశారని విల్సన్ చమత్కరించేవాడు. అదే మాటను ఆయన ‘కాస్ట్’ మీద ప్రయోగించి చూడవచ్చు.

తేనెటీగలలో ఈ పేరు ఎంత అసంగతమో స్పష్టంగా కనిపిస్తుంది. రాణి కాబోయే గుడ్డుకూ కూలి కాబోయే గుడ్డుకూ జన్యువుల్లో తేడా లేదు. పొదిగిన మొదటి రోజుల్లో అన్ని లార్వాలకూ దాదులు తమ గ్రంథుల నుంచి స్రవించే రాయల్ జెల్లీ పెడతాయి. ఆ తరువాత కూలి కాబోయేవాటికి తేనె, పుప్పొడి కలిసిన ముద్ద మొదలవుతుంది. రాణి కాబోయేదానికి చివరిదాకా జెల్లీయే. తేడా అంతా తిండిలోనే. 2008లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ పరిశోధకులు ఇంకొక అడుగు లోపలికి వెళ్ళారు. డీఎన్ఏ మీద మిథైల్ గుర్తులు వేసే ఒక ఎంజైమును లార్వాల్లో అణచివేస్తే, జెల్లీ విందు అక్కర్లేకుండానే వాటిలో చాలావరకు అండాశయాలు ఎదిగిన రాణుల్లా తయారయ్యాయి. అంటే ప్రతి కూలి ఈగలోనూ ఒక రాణి ఉంది. ఏ పుట చదవాలో, ఏది మూసి ఉంచాలో పెంపకం నిర్ణయించింది. వైద్యులకు ఇది కొత్త కథ కాదు. కాలేయ కణానికీ నాడీకణానికీ జన్యు గ్రంథం ఒక్కటే. పంతొమ్మిదో శతాబ్దంలో రుడాల్ఫ్ ఫిర్కో శరీరాన్ని కణాలనే పౌరులు గల రాజ్యంగా వర్ణించాడు; 1911లో విలియం మోర్టన్ వీలర్ చీమల గూటిని ఒక శరీరంగా వర్ణించాడు. శరీరం నుంచి సమాజానికీ, సమాజం నుంచి శరీరానికీ ఇలా ఉపమానాలు అప్పుపోతూనే ఉన్నాయి. ఏ వైద్యుడూ కాలేయ కణాన్ని ఒక కులమని మాత్రం అనలేదు.

వయోజన కూలి ఈగ వేసవిలో బతికేది ఆరు వారాలు. మొదట గదులు శుభ్రం చేస్తుంది, తరువాత లార్వాలకు మేత పెడుతుంది, ఆపైన మైనంతో పట్టు కడుతుంది, బయటినుంచి వచ్చిన మకరందం అందుకుంటుంది. సుమారు మూడు వారాల వయసులో తానే మేతకు బయలుదేరుతుంది. ఇదే ఆ ‘కాలానుగుణ కాస్ట్’. ఈ క్రమమైనా రాతిమీద గీత కాదని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన జీన్ రాబిన్సన్, ఆయన సహచరులు 1980ల చివరినుంచి వరుసగా నిరూపిస్తూ వచ్చారు. ఒకే వయసు పిల్ల ఈగలతో గూడు నింపితే, వాటిలో కొన్ని వారం పది రోజులకే మేతకు వెళ్ళడం మొదలుపెడతాయి. దాదులను తీసేస్తే, బయట తిరుగుతున్న పెద్ద ఈగల్లో కొన్ని తిరిగి లోపలికి వచ్చి పసివాటికి పాలు పడతాయి. తోటి ఈగలతో స్పర్శ, వాటి సంఖ్య, రక్తంలోని జువెనైల్ హార్మోను మోతాదు కలిసి ఈ మార్పును నడిపిస్తాయి. 2012లో జాన్స్ హాప్కిన్స్, అరిజోనా స్టేట్ పరిశోధకులు ఇలా వెనక్కి మళ్ళిన ఈగల మెదళ్ళను చూశారు. మేతకు వెళ్ళినప్పుడు డీఎన్ఏ మీద మారిన మిథైల్ గుర్తుల్లో కొన్ని, దాది పనికి తిరిగిరాగానే పూర్వస్థితికి వచ్చాయి. ఆ పరిశోధనా పత్రం శీర్షికలో ఉన్న మాట ‘సబ్‌కాస్ట్’! కులం మారవచ్చునని అణువుల స్థాయిలో రుజువు చేసిన పత్రానికి ఉపకులం అని పేరు పెట్టుకోవడంలోని హాస్యం రచయితలకు తట్టినట్టు లేదు.

1936లో లాహోర్ సభ కోసం సిద్ధం చేసి, ఆ సభ రద్దు కావడంతో ఇవ్వకుండానే అచ్చువేసిన ‘కుల నిర్మూలన’ ప్రసంగంలో అంబేద్కర్ ఒక భేదాన్ని చూపించారు. కులం అంటే శ్రమ విభజనే కదా, ఏ నాగరిక సమాజంలో లేదు అని సమర్థించేవారికి ఆయన జవాబు: ఇది శ్రమను మాత్రమే విభజించడం కాదు, శ్రామికులను విభజించడం, ఆ విభజన కూడా నిచ్చెనమెట్లలా ఒకదానిమీద ఒకటి. కీటక శాస్త్రంలో దశాబ్దాలుగా జరుగుతున్న వాదానికి ఇంతకంటె పదునైన పరికరం దొరకదు. పని విడిపోయింది సరే, పనివారు విడిపోయారా? ఈ ప్రశ్నతో ఆస్టర్, విల్సన్‌ల పుస్తకాన్ని తిరిగి చదివితే దాని బలహీనత తెలుస్తుంది. ఏ పనికి ఎన్ని చీమలు అన్న లెక్క తేలాలంటే, ఒక్కొక్క రకం చీమకు ఒక్కొక్క పని అనే ఊహ ముందే కావాలి. అంటే శ్రామికుల విభజన వారి గణితం తేల్చిన ఫలితం కాదు. గణితం మొదలయ్యేందుకు పెట్టుకున్న పెట్టుబడి.

విల్సన్‌కు అన్యాయం చేయకూడదు. ఈ ఊహకు ఎదురుగా నిలిచే సాక్ష్యాల్లో బలమైనదొకటి ఆయన చేతిమీదుగానే వచ్చింది. ఫైడోలె అనే చీమల్లో సాధారణమైన చిన్న చీమలతోబాటు, శరీరంతో పోలిస్తే చాలా పెద్ద తల ఉన్న పెద్ద చీమలుంటాయి. వీటి పని గింజలు నలగ్గొట్టడం, గూటిని కాపాడటం. పిల్లల పెంపకంలో వేలుపెట్టవు. 1984లో ప్రచురించిన ప్రయోగంలో విల్సన్ చిన్న చీమలను బాగా తగ్గించివేశాడు. గంట తిరగకుండానే పెద్ద తల చీమలు లార్వాలను నాకి శుభ్రం చేయడం మొదలుపెట్టాయి. ఆ పని చేసే శక్తి వాటికి మొదటినుంచీ ఉంది, చేయవలసిన అవసరమే రాలేదు. 2016లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఫ్లోరిడా గండుచీమల్లో ఇంకా విచిత్రం చూపారు. సాధారణంగా మేతకు పోని పెద్ద చీమలకు, పసితనంలోనే, హిస్టోన్ డీఅసిటైలేజ్ నిరోధకాలను మెదడులోకి ఎక్కిస్తే అవి చిన్న చీమల్లా మేతకు వెళ్ళాయి. అదే తరగతికి చెందిన మందులను కొన్ని రకాల క్యాన్సర్ల చికిత్సలోనూ వాడుతున్నారు. ఆకారం మారలేదు, నడవడి మారింది.

విల్సన్ వారసత్వాన్ని నేరుగా ఎదుర్కొన్నది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డెబొరా గోర్డన్. 1999లో వచ్చిన ‘యాంట్స్ ఎట్ వర్క్’, 2010లో వచ్చిన ‘యాంట్ ఎన్‌కౌంటర్స్’ ఆమె ముఖ్యమైన పుస్తకాలు. అరిజోనా ఎడారిలో గింజలు ఏరుకునే ఎర్ర చీమల పుట్టలను 1980ల నుంచి ఏటా వెళ్ళి చూసిన ఓపిక వాటి వెనుక ఉంది. ఈ చీమల్లో కూలీలన్నీ దాదాపు ఒకే పరిమాణం. బయట కనిపించే పనులు నాలుగు: ఉదయమే దారులు చూసివచ్చే గస్తీ, మేత, గూటి మరమ్మతు, చెత్తకుప్ప సర్దడం. గోర్డన్ ప్రయోగాలు పల్లెటూరి పిల్లల ఆటల్లా ఉంటాయి, అదే వాటి అందం. పుట్ట ముఖద్వారం దగ్గర పళ్ళు కుట్టుకునే పుల్లలు కుప్పపోసింది. మరమ్మతు చీమలు వాటిని మోసుకుపోయాయి. కానీ ఆ పొద్దు మేతకు వెళ్ళే చీమలు తగ్గాయి. ఒక పనికి ఆటంకం కలిగితే, దానితో సంబంధం లేని పని చేసేవాటి లెక్క కూడా మారుతోంది. అదనంగా గింజలు దొరికితే ఇతర పనుల్లో ఉన్నవి మేతకు మారాయి. మేతకు మారినవి తిరిగి మరమ్మతుకు రాలేదు. అదనపు మరమ్మతుకు గూటి లోపలినుంచి కొత్త చీమలు వచ్చాయి. స్వేచ్ఛ ఉంది, కానీ దారి ఒకవైపే.

ఎవరు చెబుతున్నారు వీటికి? ఎవరూ చెప్పడం లేదన్నదే గోర్డన్ జవాబు. చీమ ఒంటిమీది మైనపు పూత వాసన అది చేసే పనిని బట్టి కొద్దిగా మారుతుంది. ఎదురుపడ్డ చీమలు మీసాలతో ఒకదాన్నొకటి తడుముకుంటాయి. ఆ పలకరింపుల్లో సందేశం లేదు. ఎంత తరచుగా జరుగుతున్నాయన్న లెక్కే సందేశం. మైకేల్ గ్రీన్‌తో కలిసి ఆమె గస్తీ చీమల పూతను చిన్న గాజుపూసలకు పట్టించి పుట్టలో వేస్తే, చీమలు లేకుండానే మేత చీమలు బయలుదేరాయి. 2016లో రాసిన ఒక వ్యాసంలో ఆమె ‘శ్రమ విభజన’ అన్న మాటనే వదిలేయాలని వాదించింది. పని ఒక్కో చీమ లోపల ఉన్న గుణం కాదు, చీమల మధ్య జరిగే వ్యవహారం అన్నది ఆమె పక్షం.

ఇక్కడ గోర్డన్ తూకం కొంచెం అటువైపు మొగ్గింది. 2013లో లోసాన్‌లో లోరాన్ కెల్లర్ బృందం ఒక్కో చీమకు ఒక్కో గుర్తు అంటించి, గూడంతటినీ కెమెరాలతో నలభై రోజులకు పైగా వెంటాడింది. దాదులు, శుభ్రం చేసేవి, మేతకు పోయేవి అనే మూడు గుంపులు స్పష్టంగా తేలాయి. వయసు పెరిగేకొద్దీ చీమలు ఒక గుంపు నుంచి ఇంకొకదానికి సాగాయి. అంటే పద్ధతి ఉంది, అది ఊరికే జరిగే తొక్కిసలాట కాదు. ఆ పద్ధతిని చూడటంలో విల్సన్ తప్పు చేయలేదు, దానికి పేరు పెట్టడంలో చేశాడు. గోర్డన్ పేరు మీద కోపంతో కొన్నిచోట్ల పద్ధతిని కూడా తోసిపుచ్చినట్టు కనిపిస్తుంది.

ప్రత్యేక నైపుణ్యం గురించి అనా డోర్న్‌హౌస్ చేసిన పని ఈ రెండు పక్షాలకూ ఇబ్బందికరమైనది, అందుకే విలువైనది. ఒకే పనికి అంకితమైన చీమ ఆ పనిని ఇతర చీమలకంటె మెరుగ్గా చేస్తుందని ఆడమ్ స్మిత్ కాలం నుంచీ వచ్చిన నమ్మకం. టెమ్నోథోరాక్స్ అనే బుల్లి చీమలకు రంగుచుక్కలు పెట్టి ఆమె కొలిచింది. 2008లో తేలిన ఫలితం: ప్రత్యేకించి ఆ పనే చేసే చీమలు మొత్తంమీద ఇతరులకంటె సమర్థమైనవి కావు. స్పెషలిస్టులతో నిండిన వృత్తుల్లో ఉన్నవారు ఈ పత్రాన్ని ఇష్టపడకపోవచ్చు. తరువాత డేనియల్ షార్బొనోతో కలిసి ఆమె, గూటిలో ఏ పనీ చేయకుండా కూర్చునే చీమల సంగతి చూసింది. అవి తక్కువేమీ కాదు. చురుకైన వాటిని తీసేస్తే సోమరులు లేచి ఆ స్థానం భర్తీ చేశాయి; సోమరులను తీసేస్తే వాటి స్థానంలోకి ఎవరూ రాలేదు. కూర్చున్న చీమకు ఏ కాస్ట్ పేరు పెట్టాలో నిర్వచనంలో లేదు.

చెదపురుగుల దగ్గర ఈ తికమక ఇంకో రకం. తెలుగువారు చీమలపుట్ట అంటూ నాగులచవితికి పాలుపోసే మట్టి గోపురాలు నిజానికి చీమలు కట్టినవి కావు, చెదపురుగులవి. సుమతీ శతకకారుడు కూడా ఆ పుట్టల శ్రమను చీమల ఖాతాలోనే వేశాడు. పేరు తప్పుపడటం ఇంగ్లీషు వారికే పరిమితం కాదు. చెదల గూటిలో రాణితోబాటు రాజు కూడా జీవితాంతం ఉంటాడు. కూలీల్లో ఆడా మగా ఇద్దరూ ఉంటారు. తాము తినే కొయ్యలోనే కాపురముండే కొన్ని జాతుల్లో ‘కూలీలు’ అనబడేవి ఇంకా ఎదగని పిల్లలే. అవి తరువాత చర్మం విడిచి సైనికులు కావచ్చు, రెక్కలు మొలిచి గూడు విడిచిపోవచ్చు, ఒక్కోసారి ఎదుగుదలలో వెనక్కి కూడా వెళ్ళవచ్చు. అక్కడ కాస్ట్ అనబడేది బాల్యంలోని ఒక మజిలీ.

తెలుగు దేశంతో ఈ కథకు ఒక అనుకోని బంధుత్వం ఉంది. థామస్ జెర్డన్ మద్రాసు సైన్యంలో వైద్యుడు, కొంతకాలం నెల్లూరులో సివిల్ సర్జన్. కడప అడవుల్లో 1986లో తిరిగి కనిపించిన కలివికోడి ఆయన పేరుమీదే జెర్డన్స్ కోర్సర్‌గా ప్రసిద్ధం. దక్షిణ భారతదేశపు చీమల మీద ఆయన 1851లో రాసిన జాబితాలో, పొడవైన దవడలతో ఎగిరి దూకే ఒక చీమను వర్ణించి హార్పెగ్నథాస్ అని పేరుపెట్టాడు. ఈనాడు జన్యుశాస్త్ర ప్రయోగశాలల్లో ఈ చీమకు గొప్ప గిరాకీ. కారణం: రాణి చనిపోతే కూలీలు మీసాలతో రోజుల తరబడి ద్వంద్వయుద్ధాలు చేస్తాయి, గెలిచిన కొన్నింటికి అండాశయాలు విచ్చుకుంటాయి, మెదడు దాదాపు ఐదోవంతు కుంచించుకుపోతుంది, ఏడు నెలల ఆయుష్షు నాలుగేళ్ళ వరకు పెరుగుతుంది. వింత అక్కడితో ఆగదు. 2021లో ప్రచురించిన ప్రయోగంలో, అలా రాణితనం పొందిన చీమలను విడదీసి ఉంచితే అవి మళ్ళీ కూలీలయ్యాయి, కుంచించుకున్న మెదడు తిరిగి పెరిగింది. ఎదిగిన మెదడు అటూ ఇటూ ఇంతగా మారి కోలుకోవడం నాడీవైద్యులు కలగనే విషయం.

బెంగుళూరులోని ఇండియన్ ఇన్స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గదగ్‌కర్ దశాబ్దాలు వెచ్చించి చదివిన కందిరీగ, రోపాలిడియా మార్జినేటా, రాణి అన్న మాటను ఇంకా ఇరకాటంలో పెడుతుంది. 2001లో హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వేసిన ఆయన గ్రంథం దక్షిణాదిలో మామూలుగా కనిపించే ఈ పురుగు గురించే. దానిలో రాణికీ కూలికీ బయటికి కనిపించే తేడా లేదు. ఏ కూలి అయినా వెళ్ళి సొంత గూడు పెట్టుకోవచ్చు, అవకాశం వస్తే రాణి కావచ్చు. రాణి సాధువు, ఎవరినీ కరవదు, తరమదు. దానిని తీసేసిన నిమిషాల్లో ఒక కూలి అకస్మాత్తుగా ఉగ్రరూపం దాలుస్తుంది. అదే కాబోయే రాణి. పాత రాణిని తిరిగి పెడితే ఆ ఉగ్రత చల్లారుతుంది. పెట్టకపోతే కొద్ది రోజుల్లో గుడ్లు పెట్టడం మొదలై, తానూ సాధువవుతుంది. ఆ వారసురాలు ఎవరో ముందుగా కనిపెట్టడం పరిశీలకుల వల్ల కాలేదు, కందిరీగలకు మాత్రం తెలిసినట్టే ఉందని 2008లో ఆయన, అనిందిత భద్ర కలిసి ఒక తెలివైన ప్రయోగంతో చూపారు. గదగ్‌కర్ కూడా ‘రాణి’, ‘కూలి’ అనే రాస్తాడు. తేడా ఏమిటంటే, ఆ పేర్లు ఎక్కడ పొసగవో చూపడమే ఆయన పుస్తకానికి వెన్నెముక.

ఈ వాదానికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది. దానిని దాచడం నిజాయితీ కాదు. అది గోర్డన్ చీమల్లోనే దొరికింది. 2002లో ఆమె ప్రయోగశాలతో సహా పలువురు పరిశోధకులు, అరిజోనా, న్యూ మెక్సికో ప్రాంతపు కొన్ని గింజల చీమల్లో రాణి, కూలి భేదం జన్యువుల నుంచే వస్తున్నదని కనుగొన్నారు. అక్కడ రెండు వంశాలున్నాయి. రాణి రెండు వంశాల మగవాటితోనూ జతకడుతుంది. సొంత వంశపు తండ్రికి పుట్టినవి రాణులు. పరాయి వంశపు తండ్రికి పుట్టినవి కూలీలు. ఇది పుట్టుకతో వచ్చే స్థానమే. అంబేద్కర్ 1916లో చెప్పిన స్వవంశ వివాహం కూడా ఇక్కడ ఉంది. చీమల్లో కులం అనదగ్గది ఎక్కడైనా ఉంటే అది ఇక్కడే. కానీ రాణి సొంత వంశపు మగవాటితోనే జతకడితే కూలీలు పుట్టవు, గూడు నిలవదు. పరాయి వాటితోనే కడితే తరువాతి రాణులుండరు. ఏ వంశమూ రెండోది లేకుండా ఒక్క తరం దాటలేదు. శుద్ధవంశం అన్న భావనను ఈ చీమ ఒకే గూటిలో నిలబెట్టి పడగొడుతుంది.

కీటక శాస్త్రం తన పేర్లను మార్చుకోలేనిదేమీ కాదు. ఇతర గూళ్ళనుంచి పిల్లలను ఎత్తుకొచ్చి పని చేయించుకునే చీమలను రెండు శతాబ్దాలుగా బానిసల యజమానులంటున్నారు. 2007లో జోన్ హెర్బర్స్ ఆ పోలిక అమెరికాలో ఎవరిని గాయపరుస్తుందో చెప్పి, దోపిడీ చీమలు అనే అర్థం వచ్చే పేరు సూచించింది. 2021లో అమెరికా కీటక శాస్త్రజ్ఞుల సంఘం రోమా ప్రజలను కించపరిచే ‘జిప్సీ’ అన్న మాటను ఒక చిమ్మటకూ ఒక చీమకూ ఉన్న వాడుక పేర్లలోనుంచి తొలగించింది. 2023 ఫిబ్రవరిలో సియాటల్ నగరం తన వివక్ష నిరోధక చట్టంలో ‘కాస్ట్’ను చేర్చింది, అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నరు తిరస్కరించాడు. ఆ వాదోపవాదాల్లో తెలుగువారు రెండువైపులా ఉన్నారు. ఆ మాటకు అమెరికన్ న్యాయశాస్త్రంలో అర్థం వెతుకుతున్న రోజుల్లోనే, ఆ దేశపు విశ్వవిద్యాలయాల జీవశాస్త్ర పాఠాల్లో అది ప్రకృతి సహజమైన, గూటికి మేలుచేసే ఏర్పాటుకు పేరుగా వినబడుతోంది. కులం సహజం, అందరికీ మేలు అన్నదే కులాన్ని సమర్థించేవారి మొదటి వాదం. శాస్త్రజ్ఞులు ఆ వాదం చేయడం లేదు. వారు వాడే మాట దాన్ని వారికి తెలియకుండా మోస్తోంది.

తెలుగులో రాసేవారికి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. ఇంగ్లీషు వదలలేని మాటను తెలుగు ఇంకా గట్టిగా పట్టుకోలేదు. ఫైడోలె పెద్ద తల చీమలకు ‘రూపభేదం’ చాలు. అందులో ఆకారం ఉంది, హోదా లేదు. తేనెటీగ వయసు వెంట చేసే పనులకు ‘వంతు’ అన్న మాట సరిపోతుంది. చెరువు నీళ్ళకూ, కాపలాకూ, వంటకూ ఊళ్ళో వాడేదే: ఈ పొద్దు ఒకరిది, రేపు ఇంకొకరిది. గుడ్లుపెట్టే ఈగను ‘తల్లి ఈగ’ అనవచ్చు, బిడ్డలను సాకేది తాను కాకపోయినా. రెండు వంశాల గింజల చీమకు మాత్రం ఈ మూడింటిలో ఏదీ సరిపోదు.